‘మా ఊళ్లో ఏముందన్నా!’

హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్‌కు సైకిల్ యాత్ర. మధ్యలో మంచిర్యాలలో ఒక రోజు ఆట విడుపు. తొక్కింది సున్నా కిలోమీటర్లు, తిరిగింది మాత్రం బాగానే!

బ్యాంకు పీఓ ఇంటర్వ్యూకు వెళ్లొచ్చిన సీనియర్లను ఒకసారి అడిగి చూడండి. ‘మీ గురించి చెప్పండి’ తర్వాత బోర్డు తరచూ అడిగేది ‘మీ ఊరి గురించి చెప్పండి’. రెపో రేటు, ఎన్‌పీఏలు, బడ్జెట్ అంకెలు అన్నీ నోటికి పట్టి వెళ్లినవాళ్లు ఇక్కడ తడబడతారు. సొంత ఊరే కదా, ప్రత్యేకంగా చదివేదేముంది అనుకుంటారు. తీరా నోరు తెరిస్తే జిల్లా ఏర్పడిన తేదీ, ఒక గుడి, ఒక నది. ముప్పై సెకన్లలో సరుకు అయిపోతుంది.

సంక్రాంతి వెళ్లిన వారంలో మంచిర్యాలలో నన్ను ఇంట్లో పెట్టుకొని, రోజంతా ఊరు తిప్పిన కుటుంబంలో సరిగ్గా ఇలాంటి ఇంటర్వ్యూకు తయారవుతున్న అమ్మాయి ఉంది. ఈఈఈలో బీటెక్ అయిపోయి రెండేళ్లు. ఐబీపీఎస్ పీఓ మెయిన్స్ గట్టెక్కింది. తుది మెరిట్‌లో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 శాతం వెయిటేజీ కాబట్టి చివరి అడుగు చిన్నదేమీ కాదు. పేరు రాయొద్దంది, రాయడం లేదు. నేనేమో కాళ్ల నొప్పులు తగ్గించుకుందామని ఆగినవాణ్ని.

సైకిల్‌కూ సెలవే

రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి, గోదావరిఖని దాటి, గోదావరి వంతెన ఎక్కి దిగి, శ్రీరాంపూర్ గనుల పక్క నుంచి మూడో రోజు సాయంత్రానికి మంచిర్యాల చేరాను. మొత్తం 250 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇక్కడి నుంచి లక్షెట్టిపేట, జన్నారం మీదుగా కవ్వాల్ అడవిలోకి, ఆ తర్వాత ఉట్నూరు, ఆదిలాబాద్. మధ్యలో ఒక రోజు సైకిల్ ఎక్కకూడదన్నది ముందే రాసుకున్న ప్లాన్. దూరాలు తొక్కేవాళ్లు దీన్ని ‘జీరో డే’ అంటారు. 

మరి ఉండటం ఎక్కడ? వార్మ్‌షవర్స్ అని ఒక అంతర్జాతీయ నెట్‌వర్క్ ఉంది. సైకిల్ మీద వచ్చేవాళ్లకు సైకిల్ తొక్కేవాళ్లే తమ ఇంట్లో రాత్రికి చోటిస్తారు. రేపు తాము యాత్రకు వెళ్తే ఇంకొకరింట్లో దిగుతారు. పెద్ద నగరాల్లో బాగానే పనిచేస్తుంది. మన జిల్లా కేంద్రాలకు వచ్చేసరికి వాట్సాప్ సైక్లింగ్ గ్రూపులే దిక్కు. నాకూ అలాగే కుదిరింది. కరీంనగర్‌లో పరిచయమైన సైకిలిస్టు ఒకరు మంచిర్యాల సైకిలిస్టు నంబరిచ్చారు. ఆయన సింగరేణిలో ఎలక్ట్రీషియన్. ‘వచ్చెయ్ అన్నా, ఇంట్లనే ఉందువు. నాకు నైట్ షిఫ్టు నడుస్తున్నది. మా బాపు, చెల్లె ఊరు చూపెడ్తరు’ అని ఒక వాయిస్ మెసేజ్. అంతే పరిచయం.

మర్నాడు పొద్దున చైన్ ఆయిల్ డబ్బా తీసి సైకిల్ దగ్గర కూర్చోబోతుంటే వాళ్లమ్మ ఆపేసింది. ‘ఇయ్యాల దాన్ని ముట్టుడు లేదు బిడ్డా. పాపం, దాన్ని కూడ జర పండుకోనియ్యి.’ చాయ్‌తో పాటు పండగకు చేసిన సకినాలు వచ్చాయి. ఊళ్లో ఏమేం చూద్దామని అడిగితే అమ్మాయి నవ్వేసింది. ‘మా ఊళ్లో ఏముందన్నా! బొగ్గు, దుమ్ము, ఎండ. చూసేటిది ఉంటే హైదరాబాదోళ్లు ఎప్పుడో వచ్చేటోళ్లు.’

వాళ్ల బాపు మఫ్లర్ చుట్టుకుంటూ లేచాడు. ముప్పై ఏళ్లు బాయిలో పనిచేసిన మనిషి. ఈ ప్రాంతంలో గని అని ఎవరూ అనరు, బొగ్గుబాయి అంటారు. బాయి అంటే చాలు, అందరికీ అర్థమైపోతుంది. ‘ఏమున్నదో నాకెర్కనే. నడువుండ్రి’ అన్నాడు. ఆయన టీవీఎస్ ఎక్సెల్ వెనక నేను, ముందు స్కూటీ మీద అమ్మాయి. మూడు రోజులు ప్రతి ఎత్తునూ కాళ్లతో కొలిచినవాడికి ఎక్సెల్ వెనక సీటు రాజభోగం.

ముందు గోదావరి ఒడ్డుకు వెళ్లాం. చలికాలపు పొద్దు, నీళ్ల మీద పొగమంచు. ఆ మంచులోంచి రైలు వంతెన సగమే కనిపిస్తోంది. కాజీపేట, బల్లార్షా మధ్య లైను ఇది. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే రైళ్లు దీని మీదుగానే పోతాయి. 2015 పుష్కరాలప్పుడు ఈ ఒడ్డున కాలు పెట్టడానికి చోటు లేదని చెప్పాడాయన. మళ్లీ 2027లో వస్తాయి. అప్పటికి నేను ఏ రాష్ట్రంలో ఉంటానో అంది అమ్మాయి. ఆయన వినిపించుకోనట్టు బండి స్టార్ట్ చేశాడు.

నల్లా తిప్పితే గోదావరి

లక్షెట్టిపేట రోడ్డు పట్టుకుని పోతే గుడిపేట దగ్గర ఎల్లంపల్లి ప్రాజెక్టు. మంథనికి చెందిన మాజీ స్పీకర్ శ్రీపాదరావు పేరు మీద దీన్ని శ్రీపాద ఎల్లంపల్లి అంటారు. 62 గేట్లు, దాదాపు 20 టీఎంసీల నిల్వ. ఆ నీళ్ల కింద హాజీపూర్, లక్షెట్టిపేట మండలాల ఊళ్లు కొన్ని ఉన్నాయి. బాయిలో తనతో పనిచేసిన ఒకాయన సొంతూరు అందులో పోయిందట. ‘చిన్నప్పటి బడి ఏడున్నదంటే నీళ్లకు చెయ్యి చూపెడ్తడు’ అన్నాడు పెద్దాయన. ఇక ఆ సంగతి ఎత్తలేదు.

అమ్మాయికి ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన పిక్నిక్ స్పాట్. నాకు మాత్రం ఇక్కడ వేరే ఆసక్తి ఉంది. నేను హైదరాబాద్‌లో తాగే నీళ్లలో కొన్ని ఇక్కడివే. అవతలి ఒడ్డున మూర్మూరు దగ్గర పంపులు ఎత్తిపోస్తే, నూట ఎనభై కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి నగరానికి చేరతాయి. 2015 చివర్లో మొదలైన గోదావరి మొదటి దశ ఇదే. ఎల్లంపల్లి పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 148 మీటర్లు. హైదరాబాద్ 500 మీటర్లకు పైనే. అంటే మొత్తం మీద నేను మూడు రోజులు దిగుతూ వచ్చాను. ఆ నీళ్లు నాకు ఎదురు ఎక్కుతూ పోతున్నాయి. సైకిల్ తొక్కేవాడికి ఈ తేడా తొడల్లో తెలుస్తుంది.

‘వెయ్యి లీటర్లు పైకి తీసుకుపోవాలంటే ఎంత కరెంటు?’ అని ఊరికే అడిగాను. ఈఈఈ కదా, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసింది. వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు. ఎత్తు ఒక 400 మీటర్లు అనుకుందాం. 9.8తో గుణిస్తే దాదాపు 39 లక్షల జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు 36 లక్షల జౌళ్లు. ‘ఒక యూనిట్ కన్నా కొంచెం ఎక్కువ. పంపు నష్టాలు, పైపులో రాపిడి కలిపితే ఇంకా ఎక్కువ పడుతుంది’ అంది. అని, ఒక్క క్షణం ఆగింది. ‘యూనిట్‌కు బొగ్గు ఎంత బాపూ?’

థర్మల్ కేంద్రంలో యూనిట్‌కు అర కిలోకు పైన, ముప్పావు కిలో దాకా బొగ్గు కాలుతుంది. రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. ఈ ఊరి చుట్టూ చూస్తే గోదావరి అవతల 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ, ఇవతల జైపూర్‌లో 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ ప్లాంటు. గ్రిడ్‌లో ఏ యూనిట్ ఎక్కడిదో విడదీసి చెప్పలేం కానీ, లెక్క మాత్రం లెక్కే. హైదరాబాద్‌లో నేను నింపే వెయ్యి లీటర్ల సిన్‌టెక్స్ ట్యాంకు వెనక కనీసం ముప్పావు కిలో బొగ్గు ఉన్నట్టు. నా బ్లాగు నడిచే సర్వర్ల సంగతీ అంతే. పేరు క్లౌడ్ అని పెట్టుకున్నాం గానీ, దాని వేళ్లు చాలా వరకు ఇలాంటి నేల కిందే ఉన్నాయి.

అమ్మాయి ఆ లెక్కను ఫోన్‌లో సేవ్ చేసుకుంది. తన జిల్లా గురించి అంతకుముందు రాసుకున్న నోట్స్ నాకు పొద్దున్నే చూపించింది. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నుంచి విడిపోయి ఏర్పడిందని మొదలుపెట్టి, మండలాలు, జనాభా, పర్యాటక ప్రదేశాలు. తప్పేమీ లేదు. పోటీ పరీక్షల గైడ్‌లో ఉన్నట్టే ఉంది, అదే ఇబ్బంది. బోర్డు సభ్యుడు అదే గైడ్ చదివిన వందో అభ్యర్థిని చూస్తుంటాడు.

బాపు ఇంగ్లిష్

మధ్యాహ్నం చేపల పులుసు, జొన్న రొట్టె. వాళ్లమ్మ పెట్టిన తీరు చూస్తే నేను సైకిల్ మీద కాశీ నుంచి వచ్చాననుకుందేమో! అప్పుడే నైట్ షిఫ్టు నిద్ర ముగించుకుని వాళ్ల అన్న లేచాడు. ఇక భోజనం దగ్గర బాయి కబుర్లే.

పెద్దాయన చదివింది ఏడో తరగతి. కానీ పని గురించి చెబుతుంటే ఇంగ్లిష్ మాటలు ధారగా వస్తున్నాయి. ఇంక్లైన్, హాలేజ్, టబ్బు, ట్రామర్, టింబర్‌మన్, షాట్‌ఫైరర్, ఓవర్‌మన్, రూఫ్ బోల్ట్. ఏ మాటకు ఆ మాట అర్థం, ఆ పనిలో ప్రమాదం ఎక్కడుంటుందో సహా చెప్పాడు. మొదట్లో ఆయన కోల్ ఫిల్లర్. పేల్చిన బొగ్గును తట్టలతో టబ్బులకు ఎత్తడం. తర్వాత ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. పేరు సైడ్ డిశ్చార్జ్ లోడర్. బొగ్గును అదే తోడి పోస్తుంది. తట్ట మోసే పని పోయింది, దాంతో పాటు ఆ పని చేసే మనుషుల అవసరమూ తగ్గింది. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు దాదాపు 40 వేలు. ఏఐ వస్తే మన ఉద్యోగాలు ఏమవుతాయని మనం చేసే చర్చ ఈ బెల్టులో ముప్పై ఏళ్ల కిందటే ఇంటింటా జరిగింది. టెక్ బ్లాగులు రాసే నేను దీన్ని ఆ చాప మీద కూర్చుని విన్నాను.

ఆయన మెడికల్‌గా అన్‌ఫిట్ అయినప్పుడు కారుణ్య నియామకం కింద ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చింది. కొడుకు చేరాడు. ‘అప్పుడు నేను ఇంటర్. అన్నకు ఐటీఐ అయిపోయింది. ఇంటికి ఒక్కటే ఉద్యోగం కదా’ అంది అమ్మాయి, చేప ముల్లు తీస్తూ. గొంతులో ఏమీ లేదు. అన్న తల వంచుకుని తింటున్నాడు. ‘దీని కోచింగ్ ఫీజు మొత్తం వాడే కట్టిండు’ అని తల్లి మధ్యలో అందుకుంది. ఆ మాట అంత గబగబా ఎందుకు వచ్చిందో కూర్చున్న అందరికీ తెలుసు.

మరి నువ్వూ బాయి వైపు చూడొచ్చు కదా అని అడిగాను. 2019లో కేంద్రం నిబంధన మార్చి, భూగర్భ గనుల్లో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజీరియల్ పనులకు మహిళలను అనుమతించింది, పగటిపూట పనివేళల్లో. ఎలక్ట్రికల్ ఇంజినీర్లకు దారి మూసుకుపోలేదు. ‘నోటిఫికేషన్ పడితే రాస్త. కానీ దాని కోసమే కూర్చుంటే వయసు పోతది అన్నా’ అంది. బ్యాంకు పరీక్షలు ఏటా క్యాలెండర్ ప్రకారం వస్తాయి. రెండేళ్లు నిలకడగా చదవగలిగానంటే అదొక్కటే కారణమట. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న మీలో చాలామందికి ఈ లెక్క వివరించనక్కర్లేదు.

అసలు సరుకు ఆ తర్వాత దొరికింది. సింగరేణి తన లాభాల్లో కొంత వాటాను ఏటా కార్మికులకు పంచుతుంది. మామూలుగా దసరాకు ముందు పడుతుంది. దీపావళికి బోనస్ వేరే. ‘లాభాల పైసలు పడ్డ దినం బ్యాంకుల నిలవడనీకి జాగ ఉండది. సాయంత్రానికి బంగారం దుకాండ్లు, మరునాడు బండ్ల షోరూములు’ అన్నాడు పెద్దాయన. ఇదే మాటను అమ్మాయి చదివిన భాషలోకి మార్చండి: ఒకే యజమాని మీద ఆధారపడ్డ పట్టణం, నెలనెలా కచ్చితంగా జమయ్యే జీతాలు, ఏడాదికోసారి ఒక్కసారిగా పెరిగే డిపాజిట్లు, ఆ వెంటనే వాహన రుణాలు. బ్యాంకు ఇంటర్వ్యూకు ఇంతకన్నా పనికొచ్చే ‘మీ ఊరు’ ఏముంటుంది? ఆమె తినడం ఆపి నోట్‌బుక్ తెచ్చుకుంది. వాళ్లమ్మకు కోపం వచ్చింది.

ఖిల్లా మీద

ఎండ తగ్గాక మందమర్రి వైపు, బొక్కలగుట్ట దగ్గరి గాంధారి ఖిల్లాకు. కింద గాంధారి మైసమ్మ గుడి, పైకి అడవిలోంచి రాళ్ల దారి. ఏటా మాఘమాసంలో నాయక్‌పోడ్ గిరిజనులు ఇక్కడ జాతర చేస్తారు. అప్పుడు ఈ గుట్టంతా డప్పులే. మేం వెళ్లిన రోజు మాత్రం మేం ముగ్గురం, దూరంగా మేకలు కాస్తున్న ఇద్దరు పిల్లలు.

కాళ్లకు విశ్రాంతి అని చెప్పి గుట్ట ఎక్కించారు! అయినా తొక్కే కండరాలు వేరు, ఎక్కే కండరాలు వేరు అని నాకు నేను చెప్పుకున్నాను. దారిలో రాతి మీద చెక్కిన దేవతా రూపాలు, కోట గోడల ఆనవాళ్లు. వీటి ముందు చరిత్ర చెప్పే బోర్డు ఒకటి ఉంటే ఎంత బాగుండేది. పెద్దాయన సగం దారిలో ఒక బండ మీద ఆగిపోయాడు. దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు ఇంత చాలు అన్నాడు, నవ్వుతూనే.

పై నుంచి ఒకవైపు అడవి, ఇంకోవైపు ఓపెన్‌కాస్టు నుంచి తీసి పోసిన మట్టిగుట్టలు. దేవుడు పోసిన గుట్టలు, మనిషి పోసిన గుట్టలు ఎదురెదురుగా. ఇక్కడ నాకు తెలిసిన ఒక విషయం చెప్పాను. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన పెద్ద డైనోసార్ అస్థిపంజరాన్ని స్కూల్ ట్రిప్‌లో మీలో చాలామంది చూసే ఉంటారు. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పేరులోని రెండో ముక్క పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి అనే ఊరిది. ఎముకలు దొరికింది అక్కడే. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టారు. ఈ ప్రాణహిత, గోదావరి లోయ అడుగున బొగ్గుగా మారిన అడవులు ఆ డైనోసార్ కన్నా కోట్ల ఏళ్లు పాతవి.

‘ఏడో తరగతిల చూసినన్నా దాన్ని! దాని పక్కన ఫొటో కూడ దిగినం. మా దిక్కుదని ఎవ్వరూ చెప్పలే’ అంది. ఆమె గొంతులో మొదటిసారి కాస్త కోపం వినిపించింది, నాకది నచ్చింది. అప్పటిదాకా నేను గైడ్ అడిగే పర్యాటకుణ్ని, ఆమె చూపించే మనిషి. అక్కడి నుంచి దిగేదాకా ఆమే ఆపకుండా చెప్పింది. శివ్వారం దగ్గర గోదావరి మడుగులో మొసళ్లు, చెన్నూరులో నది ఉత్తరానికి తిరిగే చోటు, గూడెం గుట్ట సత్యనారాయణస్వామికి వాళ్ల మొక్కు. పొద్దున ‘ఏముందన్నా’ అన్నది ఈ అమ్మాయేనా అనిపించింది.

ఇలా ఎవరింట్లోనైనా దిగాలనుకునే మీకు ఇక్కడ రెండు మాటలు. చూసే చోట్ల జాబితా ముందే తయారుచేసుకుని వెళ్లకండి, ఇంటివాళ్లు ఎటు తీసుకెళ్తే అటు వెళ్లండి. షిఫ్టు డ్యూటీ ఇళ్లలో పగలు ఎవరో ఒకరు నిద్రపోతుంటారు, గొంతు తగ్గించండి. డబ్బు ఇస్తే తీసుకోరు, బాధపడతారు. నేను వాళ్లింట్లో మూలపడ్డ రెండు పాత సైకిళ్లకు బ్రేకులు సరిచేసి, పంక్చర్లు వేశాను. వాళ్లమ్మ కళ్లుగప్పి!

రాత్రి ఇంటర్వ్యూ

ఐబీ చౌరస్తాలో చాయ్ తాగి ఇల్లు చేరేసరికి చీకటి పడింది. భోజనాలయ్యాక వరండాలో మాక్ ఇంటర్వ్యూ. నేను చైర్మన్, వాళ్ల అన్న రెండో సభ్యుడు. డ్యూటీకి వెళ్లడానికి ఆయనకు ఇంకా టైముంది. పెద్దాయన గోడకానుకుని వింటున్నాడు.

‘మీ ఊరి గురించి చెప్పండి.’ ఆమె ఈసారి జిల్లా ఏర్పడిన తేదీతో మొదలుపెట్టలేదు. ‘సర్, హైదరాబాద్‌లో మీరు తాగే నీళ్లలో కొన్ని మా ఊరి పక్క నుంచి వస్తాయి’ అంది ఇంగ్లిష్‌లో. అక్కడి నుంచి వెయ్యి లీటర్ల లెక్క, బొగ్గు, లక్ష నుంచి 40 వేలకు తగ్గిన కార్మికులు, లాభాల వాటా పడిన వారంలో బ్యాంకు బ్రాంచి. రెండు నిమిషాలు. మధ్యలో ఒకచోట ఆగి, ‘బాపూ, ట్రామర్‌ను ఇంగ్లిష్‌ల ఏమంటరు?’ అని అడిగింది.

‘అది ఇంగ్లీషే బిడ్డా’ అన్నాడాయన.

అందరం నవ్వాం. అప్పుడు వాళ్ల అన్న, బోర్డు సభ్యుడి గొంతుతో, నేను అనుకోని ప్రశ్న వేశాడు. ‘ఇంత తెలిసిన ఊరు కదా. బొగ్గు తగ్గితే ఇరవై ఏళ్ల తర్వాత ఇక్కడ ఏముంటుంది? ఇక్కడే పోస్టింగ్ ఇస్తే ఉంటారా?’

ఆమె వెంటనే బదులివ్వలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఇంటర్వ్యూలో అయితే ఎక్కడైనా పనిచేస్తానని చెప్పాలి, అది కోచింగ్‌లో నేర్పిన జవాబు. ఆమె ఆ జవాబు చెప్పలేదు. ఈ పట్టణంలో జీతం ఖాతాలు చాలానే ఉన్నాయని, జీతం లేని చిన్న వ్యాపారాలకు అప్పు పుట్టడమే కష్టమని, బొగ్గు తర్వాత ఏముంటుందన్నది అలాంటి దుకాణాలు ఎన్ని నిలబడతాయన్న దాని మీద ఉంటుందని అంది. తన అన్న తర్వాతి తరానికి ఇంటికొక ఉద్యోగం ఉంటుందో ఉండదో అని కూడా అంది. ‘ముందు నాలుగేండ్లు బయట చేస్త సర్. తర్వాత ఇక్కడి బ్రాంచి అడుగుత.’ చివరికి వచ్చేసరికి ఇంగ్లిష్ వదిలేసి తెలుగులోకి దిగిపోయింది.

అన్న టిఫిన్ డబ్బా తీసుకుని షిఫ్టుకు బయల్దేరాడు. గేటు దగ్గర ఆగి, ‘ఆ ఆఖరి ముక్క ఇంగ్లిష్‌ల చెప్పడం నేర్చుకో’ అన్నాడు. ఎవరూ చూడకుండా వాళ్లమ్మ నా సైకిల్ సంచిలో సకినాల డబ్బా కుక్కుతోంది. పొద్దున్నే జన్నారం రోడ్డు ఎక్కాల్సినవాణ్ని, నాకు నిద్ర ముంచుకొస్తోంది.

‘మళ్లా మొదటి నుంచి అడుగన్నా’ అని నోట్‌బుక్ మూసేసింది ఆమె.